క్యాంపస్‌లో ప్రమాదాలు: లెక్కలోకి రానివాళ్లు

మా యూనివర్శిటీలో ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి మాక్ డ్రిల్ జరిగింది. యూనివర్శిటీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఎక్కడ చదివినవాళ్లయినా తమదే అనుకోవచ్చు. అడ్మినిస్ట్రేషన్ బిల్డింగులో సైరన్ మోగింది. ఆఫీసర్లు, క్లర్కులు మెట్లు దిగి ముందున్న పచ్చికలో నిలబడ్డారు. ఫైరింజన్ వచ్చి ఒక డ్రమ్ములో ముట్టించిన మంటని ఆర్పింది. ఒక పెద్దాఫీసరు భద్రత గురించి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఫొటోలు తీశారు, మర్నాడు పేపర్లో వచ్చింది.

అదే రోజు, ఇంచుమించు అదే గంటలో, మా లేడీస్ హాస్టల్ వెనక సెప్టిక్ ట్యాంకు మూత తీసి ఒక మనిషిని లోపలికి దించారు. నడుముకి తాడు, చేతిలో బకెట్టు. ఇంకేమీ లేవు. రెండు రోజులుగా కింది అంతస్తు బాత్రూములు పొంగుతున్నాయి. పైన తాడు పట్టుకున్న కుర్రాడికి ఇరవయ్యేళ్లు కూడా ఉండవు. నేను డిపార్ట్‌మెంటుకి పోతూ చూసి ఆగాను.

"బాబాయ్, దిగొద్దు. మిషన్ బండి పిలిపిద్దాం" అన్నాను.

"ఎమర్జెన్సీ అంటమ్మా. ఆడపిల్లలు ఇబ్బంది పడతన్నారంట గదా. బండి రావాలంటే రెండ్రోజులు పడతదని సూపర్‌వైజరు చెప్పాడు" అన్నాడాయన, అప్పటికే మోకాళ్ల దాకా దిగి.

ఆయన బతికే బయటికొచ్చాడు. నీళ్లు పోసుకున్నాక మాటల్లో ఊరి పేరు వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ల పక్క ఊరు. మా ఇంటిపేరు చెప్పగానే నేను ఎవరి తాలూకానో చెప్పేశాడు. మనోళ్ల పిల్ల పీహెచ్‌డీ చదువుతోందని సంతోషపడ్డాడు. నాకు మాత్రం తలెత్తి ఆయన్ని చూడటం కష్టమైంది. ఆ ట్యాంకు నింపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన దిగింది మా 'ఎమర్జెన్సీ' కోసం.

ఒకే క్యాంపస్, ఒకే రోజు, రెండు ఎమర్జెన్సీలు. ఒకటి ప్లాన్‌లో ఉంది, దానికి సైరన్, ఫైరింజన్, ఫొటోగ్రాఫరు ఉన్నారు. రెండోది ఏ కాగితంలోనూ లేదు. ప్రమాదాల్ని అంచనా వేయడం, అత్యవసర ప్రణాళిక రాయడం అనేవి ఇంజనీర్ల పని, సెక్యూరిటీ ఆఫీసర్ల పని అని మనం వదిలేశాం. రిజర్వేషన్లు, ఫెలోషిప్పులు, అడ్మిషన్లు, వైవాలో జరిగే అన్యాయాలు - వీటి మీదే మన శక్తంతా పోయింది. అది తప్పనను, పోక తప్పలేదు కూడా. కానీ ఎవరి ప్రాణం ఏ గడిలో పడుతుందో రాసే కాగితం మన చూపుకి ఆనకుండా తయారైపోతోంది. దాన్ని ఎలా రాస్తారో, ఎక్కడ తప్పుతారో, మనమే రాస్తే ఎలా ఉంటుందో ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాను.

ప్రమాదకారకం వేరు, ముప్పు వేరు

ఈ శాస్త్రంలో మొదట నేర్పేది రెండు మాటల మధ్య తేడా. ఇంగ్లీషులో హజార్డ్ అనేదాన్ని ఇక్కడ ప్రమాదకారకం అంటాను. అంటే హాని చేయగలిగినది: గ్యాస్ బండ, కరెంటు తీగ, ఆసిడ్ సీసా, తుపాను. రిస్క్‌ని ముప్పు అంటాను. ఆ హాని జరగడానికి ఎంత అవకాశం ఉంది, జరిగితే ఎంత నష్టం అనేది ముప్పు. ఈ రెంటి మధ్యా ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. దాని దగ్గర ఎవరున్నారు? వాళ్లు ఏ స్థితిలో ఉన్నారు?

మెస్సులో గ్యాస్ బండనే తీసుకోండి. బయట జాలీ షెడ్డులో పెట్టి పైపు ద్వారా లోపలికి తెస్తే ఒక ముప్పు. అదే బండని కిటికీ తెరవని వంటగదిలో పెట్టి, రాత్రి ఆ గదిలోనే వంటవాళ్లు పడుకుంటే ఇంకో ముప్పు. బండ మారలేదు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది, లీకయితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. ఎవరో లైటు స్విచ్ వేసినప్పుడు రేగే చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి అంచనా వేసేవాడు బండలు ఎన్నో లెక్కపెట్టి ఊరుకోకూడదు, నేల మీద ఎవరు పడుకుంటున్నారని అడగాలి. మా మెస్సులో పడుకునేది దూరం ఊళ్ల నించి వచ్చి, అద్దె కట్టలేక, మెస్సునే ఇల్లు చేసుకున్న కాంట్రాక్టు వంటవాళ్లు.

ఈ తేడా నాకు పుస్తకంలో చదవకముందే తెలుసు. మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఆమె చెప్పని రోజు లేదు. పదివేల మంది దాకా పోయారని లెక్కలు చెబుతాయి. తుపాను అందరికీ ఒకటే. కానీ గుడి, బడి, డాబా ఇళ్లు మెరక మీద ఉన్నాయి. మా పల్లె పల్లంలో ఉంది, అన్నీ తాటాకు గుడిసెలే. "ఎక్కడానికి డాబా ఉంటే గదే" అనేది అమ్మమ్మ. మెరక మీద ఎవరుండాలో పల్లంలో ఎవరుండాలో ఉప్పెన నిర్ణయించలేదు. అది తరతరాల క్రితమే నిర్ణయమైపోయింది.

క్యాంపస్‌లో కూడా మెరక, పల్లం ఉంటాయి. కొత్త బ్లాకు, పాత బ్లాకు ఉంటాయి. ఇద్దరుండాల్సిన గదిలో నలుగురుండటం ఉంటుంది. మా హాస్టళ్లలో 'గెస్టు'లంటే తెలియనివాళ్లు లేరు. సీటు రాక, వచ్చినా ఫీజు బకాయి కట్టలేక, ఉద్యోగ పరీక్షలకి చదువుకుంటూ ఊరివాడి గదిలో తలదాచుకునే పిల్లలు. నేనూ ఒక ఏడాది అట్లా ఉన్నదాన్నే. ఆ గదుల్లో ఒక్క ప్లగ్గుకి రాడ్డు హీటరు, కరెంటు పొయ్యి, రెండు ఫోన్లు తగిలిస్తారు. సేఫ్టీ కమిటీ ఏం చేస్తుంది? హీటర్లు జప్తు చేసి ఫైను వేస్తుంది. వైరు వేడెక్కుతోందని గుర్తించడం సరే. మెస్ బిల్లు బాకీ పడి, మెస్సు కార్డు ఆగిపోయి, గదిలో అన్నం వండుకుంటున్న పిల్ల పొయ్యి ఎందుకు పెట్టిందని ఆ కమిటీ అడగదు. ఆ ప్రశ్న అడగకపోతే పొయ్యి మంచం కిందికి పోతుంది. అప్పుడు ముప్పు పెరుగుతుంది.

జాబితా

అంచనాలో మొదటి పని జాబితా. ఏమేం ఉన్నాయి, ఎక్కడున్నాయి, ఎవరి చేతిలో ఉన్నాయి. చాలా చప్పగా కనపడే పని. ఇది చేయకపోతే ఏం జరుగుతుందో ఢిల్లీ యూనివర్శిటీ చూపించింది.

అక్కడి కెమిస్ట్రీ విభాగంలో పరిశోధన కోసం 1960ల చివర్లో తెప్పించిన గామా ఇర్రేడియేటర్ ఒకటి ఉండేది. లోపల కోబాల్ట్-60, చుట్టూ మందపాటి సీసం కవచం. 1985 నుంచి దాన్ని ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో కలిపి వేలం వేశారు. అది పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారుకి చేరింది. అక్కడ కూలీలు దాన్ని విప్పారు, కోశారు, ముక్కలు చేతులతో సర్దారు. కోబాల్ట్-60 బలం ప్రతి అయిదేళ్ల మూడు నెలలకి సగమవుతుంది. అంటే వాడకం ఆపిన పాతికేళ్లలో దాదాపు 27వ వంతుకి తగ్గి ఉండాలి. ఆ 27వ వంతే మనుషుల చర్మం నల్లబరచడానికి, జుట్టు రాల్చడానికి, రక్తకణాలు పడగొట్టడానికి సరిపోయింది. ఏప్రిల్‌లో పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒక కార్మికుడు చనిపోయాడు. అణు ప్రమాదాలని కొలిచే అంతర్జాతీయ కొలబద్ద మీద దానికి నాలుగో స్థాయి ఇచ్చారు.

ఈ ఉదంతాన్ని మామూలుగా 'రేడియేషన్ నియమాల ఉల్లంఘన' కింద చెప్పి వదిలేస్తారు. నాకు ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. పాతికేళ్లు ఆ పెట్టె యూనివర్శిటీలో ఉన్నంత కాలం ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే కవచం ఉంది. కవచాన్ని కోసే పని యూనివర్శిటీ చేయలేదు, పాత ఇనుము కూలీలు చేశారు. గేటు దాటేసరికి అది ఏ ప్రొఫెసరు రిజిస్టరులోనూ లేని వస్తువైంది. క్యాంపస్ ప్రమాదం క్యాంపస్ గోడ దగ్గర ఆగదు. మన లాబుల్లో పగిలిన సీసాలు ఊడ్చేదెవరు, సింకులో పోసిన ఆసిడ్ ఏ కాలవలో కలుస్తోంది, ఆ కాలవ పక్కన ఏ బస్తీ ఉంది, పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు ఎవరు కొంటున్నారు - ఇవన్నీ జాబితాలోకి రావాలి.

అందుకే జాబితా ఆఫీసులో కూర్చుని రాసేది కాదు. తిరిగి రాయాలి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, ఒకసారి వానలో, ఒకసారి సెలవుల్లో. సెలవుల సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై ఆర్.ఆర్. వెంకటాపురం, చుట్టుపక్కల జనం తెల్లవారుజామున నిద్రలోనే ఉక్కిరిబిక్కిరయ్యారు, 12 మంది పోయారు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి ఉంది, ట్యాంకులో సరుకు మాత్రం అట్లాగే ఉంది. పని ఆగినచోట ప్రమాదం ఆగదు. వేసవి సెలవుల్లో మూసేసిన లాబులో ఫ్రిజ్జు కరెంటు పోతే ఎవరికి తెలుస్తుంది? ఆ బ్లాకు తాళం చెవి ఏ వాచ్‌మన్ దగ్గరుంది? ఆయనకి లోపల ఏముందో ఎవరైనా చెప్పారా?

తిరిగేటప్పుడు ఊడ్చేవాళ్లని, వంటవాళ్లని, ఎలక్ట్రీషియన్‌ని వెంట తీసుకుపోవాలి. వాళ్లకి తెలిసినంత ఏ ఇంజనీరుకీ తెలియదు. ఏ స్విచ్ ముట్టుకుంటే జిల్లుమంటుందో మా బ్లాకు ఆయమ్మ కళ్లు మూసుకుని చెబుతుంది.

మార్కులు ఎవరు వేస్తారు

జాబితా అయ్యాక ఒక్కోదానికి మార్కులు వేస్తారు. జరిగే అవకాశానికి ఒకటి నించి అయిదు, నష్టానికి ఒకటి నించి అయిదు. రెంటినీ గుణిస్తారు. ఇరవై అయిదుకి దగ్గరగా వచ్చినవి ఎర్ర గడి, మధ్యవి పసుపు, తక్కువవి ఆకుపచ్చ. ముందు ఎర్రవాటికి డబ్బు ఖర్చు పెడతారు. పద్ధతి మంచిదే, మందబుద్ధి పద్ధతేం కాదు. తిరకాసు మార్కుల్లో ఉంది.

మా సెప్టిక్ ట్యాంకు సంఘటన తర్వాత నేనూ నలుగురు స్నేహితులూ వెళ్లి అంచనా కాగితం చూపించమని అడిగాం. 'డ్రైనేజి నిర్వహణ' అని ఒక వరుస ఉంది. నష్టం 5, అవకాశం 1. గుణిస్తే 5, ఆకుపచ్చ గడి. అవకాశం ఒకటి ఎందుకని అడిగితే, "ఇప్పటిదాకా ఒక్క కేసూ రికార్డులో లేదు" అన్నారు. రికార్డు ఎట్లా ఉంటుంది? కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే కాంట్రాక్టరే బయట ఆరెంపీ దగ్గరికి తీసుకుపోతాడు, కట్టు కట్టించి రెండొందలు చేతిలో పెడతాడు. యూనివర్శిటీ హెల్త్ సెంటరులో వాళ్లకి కార్డు లేదు. మెస్సులో నూనె పడి చెయ్యి కాలిన వంటామె వారం రోజులు కనపడకపోతే రాయడానికి 'గైర్హాజరు' అనే గడి ఉంది, 'ప్రమాదం' అనే గడి లేదు. రాయనివన్నీ జరగనివయ్యాయి. జరగలేదు కాబట్టి ఒకటో మార్కు. లాబులో స్టూడెంటుకి గాజు గీసుకుంటే మాత్రం రిపోర్టు ఉంది, అందుకే అది పసుపు గడిలో ఉంది. గాజు గీసుకోవడం ట్యాంకులో దిగడం కన్నా పెద్ద ముప్పుగా తేలిన లెక్క ఇది!

లాబుల ముప్పుని చిన్నది చేయడం నా ఉద్దేశం కాదు. అక్కడ ఇంకో రకం అధికారం పనిచేస్తుంది. 2008 డిసెంబరు 29న అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్శిటీలో షెహర్బానో సంగ్జీ అనే 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంటు గాలి తగిలితే మండే రసాయనాన్ని సిరంజితో తీస్తుండగా మంట అంటుకుంది. ఒంటి మీద లాబ్ కోటు లేదు. 18 రోజులకి చనిపోయింది. ఆ కేసులో యూనివర్శిటీ మీద, ప్రొఫెసరు మీద క్రిమినల్ ఆరోపణలు నమోదయ్యాయి. మన దగ్గర 2018 డిసెంబరు 5న బెంగుళూరు ఐ.ఐ.ఎస్సీ. లాబులో పేలుడు జరిగి ఒక పరిశోధకుడు చనిపోయాడు. శాస్త్ర విభాగాల్లో మన పిల్లలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. గైడు 'ఇవాళ రాత్రికి రీడింగులు కావాలి' అంటే, తోడు లేకుండా ఒక్కదాన్నే చేయలేనని చెప్పగల ధైర్యం ఎంతమందికుంది? ఫెలోషిప్ కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే కదా.

చేతితొడుగులు ఆఖరి మెట్టు

ముప్పుని తగ్గించడానికి ఒక వరుస ఉంది. అన్ని దేశాల్లో భద్రతా ఇంజనీర్లు దీన్నే చెబుతారు. మొదటిది, ప్రమాదకారకాన్ని అసలు లేకుండా చేయడం. రెండు, దాని బదులు తక్కువ ప్రమాదమైనది వాడటం. మూడు, యంత్రంతోనో గోడతోనో మనిషికీ దానికీ మధ్య దూరం పెట్టడం. నాలుగు, పని చేసే పద్ధతి మార్చడం, శిక్షణ ఇవ్వడం. వీటన్నిటి తర్వాత మిగిలిన ముప్పుకి తొడుగులు, మాస్కులు, బూట్లు. మన క్యాంపస్‌లలో ఈ నిచ్చెనని తలకిందులుగా వేశారు. మొదట తొడుగులు ఇచ్చి, ఫొటో తీసి, అక్కడితో ఆపుతారు.

ట్యాంకులో ఏముంటుందో చూద్దాం. మలం కుళ్లేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన. పది లక్షల వంతుల గాలిలో దాదాపు వంద వంతులు చేరితే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది కాబట్టి గాలి బాగుందనుకుని ఇంకా కిందికి దిగుతారు. అయిదారు వందలు దాటితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది. అది గాలికన్నా బరువైనది, అడుగున చేరుతుంది. బురదని కదిపిన క్షణంలో బుడగలుగా ఒక్కసారి పైకొస్తుంది. మూతికి కట్టుకునే గుడ్డా, మెడికల్ షాపు మాస్కూ దాన్ని ఆపవు. ఒకాయన పడిపోతే పైనున్నవాడు కాపాడబోయి దిగి వాడూ పడిపోతాడు. ట్యాంకుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి పోయారనే వార్తలకి కారణం ఇదే. పైన తాడు పట్టుకుని ఉన్న ఆ ఇరవయ్యేళ్ల కుర్రాడికి 'నువ్వు దిగొద్దు' అని ఎవరూ చెప్పలేదు. నేను తర్వాత అడిగాను. "మామ పడితే దిగనా?" అన్నాడు.

కాబట్టి మొదటి మెట్టు, మనిషి దిగే అవసరం లేకుండా చేయడం. మురుగులైనుకి కలపడం, లేదా పీల్చే మిషన్ బండి. మిషన్‌కి అయ్యే ఖర్చు ఎక్కువని ఎవరన్నా అంటే చట్టం చూపించాలి. 2013 చట్టం సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ సామగ్రి, పరికరాలు లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. మొదటిసారి తప్పుకి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పిన మాట మనకి ఇంకా ముఖ్యం: రక్షణ లేకుండా మురుగులోకి దించడం అత్యవసర పరిస్థితిలో కూడా నేరంగానే ఉండాలి. అంటే 'ఎమర్జెన్సీ' అనే సాకుని కోర్టు ముందే ఊహించింది. 2023 అక్టోబరు 20 తీర్పులో చావుకి పరిహారం పది లక్షల నించి ముప్పై లక్షలకి పెంచింది. పనివాడు కాంట్రాక్టరు మనిషనే మాట కూడా అడ్డం రాదు. కాంట్రాక్టరు ద్వారా దించినా దించినట్టే.

గంట మోగిన తర్వాత

ఇక ప్రణాళిక. నిప్పంటుకుంది, గంట మోగింది. అక్కడి నించి ఎవరు ఏం చేయాలి?

మొదటి అడ్డంకి తాళం. లేడీస్ హాస్టళ్లలో రాత్రి తొమ్మిదింటికో పదింటికో గేటు వేస్తారు. వెనక గేటుకి ఎప్పుడూ తాళమే. కింది కిటికీలకి ఇనప గ్రిల్లు. మన భద్రత కోసమేనంటారు. జనం లోపలున్నంతసేపూ బయటికి పోయే దారి తెరుచుకునేలా ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. కుంభకోణం బడిలో 2004 జులై 16న 94 మంది పిల్లలు కాలిపోయారు. వంటపాకలో రేగిన మంట, తాటాకు కప్పు, ఇరుకు మెట్లు, చాలని దారి. ఆ బడిని తలచుకున్నప్పుడల్లా నాకు మా వెనక గేటు తాళం గుర్తొస్తుంది. లోపలి నించి నెడితే తెరుచుకుని, తెరిచిన వెంటనే గంట కొట్టే తలుపులు ఉన్నాయి. పిల్లలు పారిపోతారేమోనన్న బెంగకీ అది సమాధానమే.

రెండోది లెక్క. బయటికొచ్చాక ఎంతమంది ఉన్నారు, ఎవరు లేరు అని చూస్తారు. లోపలికి ఫైర్‌మన్‌ని పంపాలా వద్దా అన్నది ఆ లెక్క మీద ఆధారపడుతుంది. రిజిస్టరులో 180 పేర్లున్నాయి. గదుల్లో 260 మంది ఉన్నారు. ఆ ఎనభై మంది కోసం ఎవరూ వెతకరు, ఎందుకంటే వాళ్లు కాగితం మీద లేరు. పొద్దున అయిదింటికే వచ్చి ఊడ్చేవాళ్ల హాజరు పట్టీ కాంట్రాక్టరు జేబులో ఉంటుంది. గెస్టులుగా ఉన్నవాళ్లు పేరు రాయించుకోరు, రాస్తే ఫైను. అందుకని మేమొక సూచన చేశాం. శిక్షకి వాడని రాత్రి లెక్క ఒకటి విడిగా ఉండాలి, గదికి ఎంతమందో అంకె మాత్రం చాలు, పేర్లక్కర్లేదు. అధికారులు ఒప్పుకోలేదు. గెస్టులున్నారని ఒప్పుకున్నట్టవుతుందట.

మూడోది భాష. నోటీసులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మంట ఆర్పే ఎర్ర సిలిండరు మీద రాసింది కూడా అంతే. మా మెస్సులో దాన్ని పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. నూనె మంట మీద నీళ్లు పోస్తే భగ్గుమని పైకి ఎగుస్తుందని, మూత పెట్టి పొయ్యి కట్టేయాలని వంటవాళ్లకి బాగానే తెలుసు. గ్యాస్ వాసన వచ్చినప్పుడు స్విచ్ వేయడమే కాదు, తీయడం కూడా ప్రమాదమని తెలియదు. డ్రిల్ పెడితే అడ్మినిస్ట్రేషన్ బిల్డింగులో పగలు పెట్టడం సులువు. రాత్రి రెండింటికి పాత బ్లాకులో పెట్టాలి. నడవలేని, చూడలేని విద్యార్థులు ఏ అంతస్తులో ఉన్నారో అప్పుడు తెలుస్తుంది. విపత్తుల్లో వాళ్ల రక్షణ బాధ్యతని 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది, కానీ రాత్రిపూట ఏ గేటు తెరిచుందో డ్రైవరుకి చెప్పేవాళ్లు ఉండాలి. ఇట్లాంటివి చిన్న సంగతులే, రాసుకుంటే అయిపోతాయి.

నాలుగోదాన్ని మనవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోలేదు. ప్రతి ప్రణాళికలోనూ చివరి వాక్యం 'హాస్టళ్లు ఖాళీ చేయించాలి' అని ఉంటుంది. ఎక్కడికి? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు హాస్టళ్లలోని పిల్లలు పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు క్యూ కట్టారు, పాసులు పట్టుకుని గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి పోతే అక్కడ ఆపేశారు. ఇల్లు చేరిన నాలాంటివాళ్లకి ఒకటే గది, ఆరుగురు మనుషులు, మేడ మీద నిలబడితేగానీ అందని సిగ్నలు, అదీ పక్కింటి మేడ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణంలో చెట్లు కూలాయి, భవనాలు దెబ్బతిన్నాయి. నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. అట్లాంటప్పుడు చేతిలో డబ్బున్నవాళ్లు ఎక్కడికో పోగలరు. పోలేనివాళ్లు ఎంతమంది, వాళ్లకి అన్నం, మంచినీళ్లు వారం రోజులు ఎక్కడి నించి వస్తాయి అని ప్రణాళికలో ఒక పేజీ ఉండాలి.

ఇంకొక ప్రమాదం

దీన్ని ఈ వ్యాసంలో చేర్చాలా అని చాలా ఆలోచించాను. మంటలు, గ్యాసులు, తుపానుల సరసన విద్యార్థుల చావుల్ని పెట్టడం కొందరికి ఎబ్బెట్టుగా ఉండొచ్చు. కానీ క్యాంపస్‌లో ప్రాణం పోయే దారుల్ని రాసుకుంటూ దాన్ని వదిలేస్తే నా జాబితా కూడా అబద్ధమవుతుంది.

రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో ప్రాణం తీసుకున్నాడు. అంతకు ముందు ఏం జరిగిందో అందరూ చూస్తూనే ఉన్నారు. 2015లో ఫెలోషిప్ ఆగింది. సస్పెన్షన్ వచ్చింది. అయిదుగురిని హాస్టల్ నించి వెళ్లగొట్టారు. వాళ్లు ఆరుబయట పడుకుని ఆ చోటుకి వెలివాడ అని పేరు పెట్టారు. ఒక మనిషి మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పబోవడం లేదు. కానీ తిండి డబ్బు, గది, తోటివాళ్ల సహవాసం వరసగా ఆగిపోతున్నప్పుడు, ప్రమాదం దగ్గరికొస్తోందని చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు. 2007లోనే థోరాట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్షని నమోదు చేసింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం, ఆత్మహత్యల మీద జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఈలోగా మన క్యాంపస్‌లో అడగదగ్గది ఒకటుంది. ఫెలోషిప్ ఆపే కాగితం మీద, హాస్టల్ ఖాళీ చేయమనే కాగితం మీద సంతకం పెట్టేవాడు, ఆ రాత్రి నించి ఆ విద్యార్థి అన్నం, పడక, తోడు ఎవరి బాధ్యతో అదే కాగితంలో పేరుతో రాయాలి. గ్యాస్ లైను కట్టేసేవాడు వాల్వు దగ్గర తన పేరు రాసి కడతాడు. దానికున్న పాటి నియమం దీనికి ఎందుకు ఉండకూడదు?

మేం రాసింది

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే సమాచార హక్కు చట్టంతో మొదలుపెట్టండి. హాస్టళ్లకి అగ్నిమాపక శాఖ ఇచ్చిన అనుమతి పత్రం, ఆఖరిసారి వైరింగ్ ఎప్పుడు పరీక్షించారు, గత మూడేళ్లలో సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకి ఎవరికి ఎంత చెల్లించారు, మిషన్‌కా మనిషికా, కాంట్రాక్టు కార్మికుల్లో ఈఎస్ఐ ఎంతమందికి ఉంది. ఈ నాలుగూ అడిగితే చాలావరకు బొమ్మ కనపడుతుంది. జవాబు రాకపోయినా అడిగినట్టు రుజువు ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే 'మాకు తెలియదు' అనడానికి వీలుండదు. ఇంకో మాట. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది, జిల్లాకి ఒక అథారిటీ ఉంది, దానికి కలెక్టరు అధిపతి. క్యాంపస్ లోపల వినకపోతే అక్కడికి పోవచ్చు.

మేం ఎనిమిది మందిమి రెండు నెలలు తిరిగి, తెలుగులో, 23 అంశాలతో జాబితా రాసి ఇచ్చాం. ఏడింటికి కదలిక వచ్చింది. వెనక గేటు పక్కన అద్దం పెట్టెలో తాళంచెవి పెట్టారు. తలుపు మార్చమంటే బడ్జెట్ లేదన్నారు. మెస్సు బండలు బయటి షెడ్డుకి మారాయి, వంటవాళ్లు మాత్రం ఇంకా లోపలే పడుకుంటున్నారు. ఆకుపచ్చ గడిలోని డ్రైనేజి వరుసకి అవకాశం 1 కొట్టేసి 4 వేశారు. గుణిస్తే 20, ఎర్ర గడి. అంకె మారడానికి మూడు మీటింగులు పట్టింది. హాస్టల్ వెనక గోడ మీద మిషన్ బండి ఫోను నంబరు, 'మనుషులు దిగరాదు' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాం. రంగు డబ్బు మాదే.

రాసిన రోజు బాబాయ్ వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. చదవడం రాదు, నన్నే చదివి చెప్పమన్నాడు. చెప్పాను. జాబితా కూడా ఇచ్చి, మేం గీసిన పటం చూపించాను. వేలితో ట్యాంకులన్నీ లెక్కపెట్టుకుంటూ పోయాడు.

"గెస్ట్ హౌస్ ఎనక ఇంకోటుందిగా అమ్మాయ్, చెట్ల కింద. అది మూత కూడా లేదు. ఏస్కోలేదే?" అన్నాడు.

మర్నాడు పొద్దున టేపూ టార్చిలైటూ తీసుకుని ఆయనతో అక్కడికి పోయాం.